వెనుక చక్రాల చప్పుడు

కొత్త బండి మౌనంగా నడుస్తుంది. పాతబడే కొద్దీ దానికి మాటలు వస్తాయి. కందెన లేక ఎడ్లబండి ఇరుసు కిర్రుమనడం, నూతి గిలక కీచుమనడం, కుట్టుమిషను లయ తప్పడం మన పెద్దలకు పరిచితమైన సంగతులే. చప్పుడును బట్టి యంత్రానికి వచ్చిన రోగమేమిటో చెప్పగలిగినవాడిని ఊరివారు గొప్ప పనివాడని గౌరవించేవారు. నేటి కార్ల విషయంలోను ఆ విద్యకు విలువ తగ్గలేదు. అయితే ఎడ్లబండి చప్పుడులో ఉన్న నిజాయితీ కారు చప్పుడులో లేదు. అది ఒకచోట పుట్టి మరొకచోట వినిపిస్తుంది.

ఇందుకు కారణం లేకపోలేదు. కారు శరీరం పలుచని ఉక్కు రేకులతో కూర్చిన బోలు పెట్టె. డోలు అంచున వేలు తగిలినా డోలంతా మోగినట్లు, చక్రం దగ్గర పుట్టిన చిన్న తాకిడి ఆ రేకుల వెంట పాకి, నడిపేవాని వీపు వెనుకనో పాదాల కిందనో మోగుతుంది. కుడి చక్రం వద్ద లోపముంటే ఎడమ చక్రం మీద అనుమానం కలుగుతుంది. కేవలం చెవిని నమ్ముకొని భాగాలు మార్పించినవారు చాలాసార్లు డబ్బు వదిలించుకున్నారే గాని చప్పుడును వదిలించుకోలేదు.

అమెరికాలో డెట్రాయిట్ నగర శివారున నివసించే ఒక తెలుగు ఇంజనీరుకు ఇటువంటి అనుభవమే ఎదురైంది. డెట్రాయిట్ ఆ దేశపు కార్ల పరిశ్రమకు కేంద్రమని ప్రసిద్ధి. కార్ల తలుపుల అమరికను కంప్యూటరు తెరపై రూపొందించడం అతని ఉద్యోగం. తాను గీసిన తలుపులు వేల సంఖ్యలో రోడ్ల మీద తిరుగుతున్నా, ఒక్క బోల్టునైనా తన చేత్తో బిగించిన అనుభవం అతనికి లేదు. నలభై ఐదవ ఏట అతడు చిరకాల వాంఛను తీర్చుకొంటూ 1990 నాటి మాజ్దా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కొన్నాడు.

ఆ కారు పుట్టుకలో ఒక విశేషముంది. 1960ల్లో బ్రిటన్ దేశంలో తయారైన చిన్న స్పోర్ట్స్ కార్లు ప్రపంచమంతటా యువకుల మనసు దోచాయి. గుడ్డ పైకప్పు, రెండు సీట్లు, తక్కువ బరువు వాటి లక్షణాలు. నడపడానికి అవి ఎంత హాయినిచ్చేవో, సాకడానికి అంత కష్టపెట్టేవి. 1980 నాటికి వాటిలో చాలా రకాల తయారీ నిలిచిపోయింది. ఆ హాయిని నిలుపుకొని ఆ కష్టాన్ని మాత్రం తొలగించాలని జపాన్ దేశంలోని హిరోషిమాకు చెందిన మాజ్దా సంస్థ సంకల్పించింది. 1989 ఫిబ్రవరిలో షికాగో కార్ల ప్రదర్శనలో మియాటాను ప్రపంచానికి చూపింది. దాని బరువు ఒక టన్నుకు అటూ ఇటూ మాత్రమే. ముందు భాగంలో 1.6 లీటర్ల ఇంజను, నడిపే బలం వెనుక చక్రాలకు. గుర్రమూ రౌతూ ఒకే దేహమైనట్లుండాలని దాని రూపకర్తలు ఆశించారు. 2016 నాటికి ఈ పేరుతో తయారైన కార్ల సంఖ్య పది లక్షలు దాటింది.

ఇంతటి కారును ఆ ఇంజనీరు ఎంతో మురిపెంతో నడుపుకొంటూ ఉండగా, 2018 వసంతంలో వెనుకవైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. చెక్కపెట్టెలో సుత్తి దొర్లినట్లు టక్కుమనేది. డెట్రాయిట్ రోడ్లకు గుంటల విషయంలో ఉన్న కీర్తి తక్కువది కాదు. శీతకాలంలో రోడ్డు బీటలలోకి నీరు దిగి, గడ్డకట్టి, వ్యాకోచించి, రోడ్డును పగలగొడుతుంది. మంచు కరిగేసరికి గుంటలు మిగులుతాయి. ప్రతి గుంట దగ్గరా ఆ చప్పుడు అతని వెన్నులో పొడిచినట్లయ్యేది. చప్పుడు కంటే భయమే ఎక్కువ బాధించింది. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే భాగమేదైనా ఊడిపోతే, వేగంగా పోయే కారు దారి తప్పుతుంది. పదహారేళ్ళ కుమార్తె తరచుగా ఆ పక్క సీటులో కూర్చుంటుంది. వచ్చే ఏడు ఆ కారును తానే నడుపుతానని అప్పటికే మాట తీసుకుంది.

అతడు కారును ఒక మరమ్మతు శాలకు తీసుకుపోయాడు. వారు ఒకసారి నడిపి చూసి, వెనుక షాక్ అబ్జార్బర్లు పాడైనాయని తేల్చారు. స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేసే నూనె గొట్టాలవి. ఇరవై ఎనిమిదేళ్ళ కారులో అవి పాడై ఉండడం సహజమే. కనుక ఆ మాటను అతడు శంకించలేదు. భాగాలకు, కూలికి కలిపి దాదాపు 700 డాలర్లు చెల్లించి ఇంటిదారి పట్టాడు. మొదటి గుంటలోనే చప్పుడు మళ్ళీ పలకరించింది.

ఆ నెలలోనే విజయవాడ నుంచి అతని తండ్రి వచ్చాడు.

ఆయన వయసు డెబ్బై నాలుగు. ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో నలభై ఏళ్ళు లారీల కమాను కట్టలు బాగుచేసిన మనిషి. విల్లులా వంగిన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టినదే కమాను కట్ట. లారీ బరువునంతటినీ మోసేది అదే. బరువు మోసి మోసి వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి మళ్ళీ వంపు తెప్పించడం ఆయన పని. ఆ సుత్తి దెబ్బలు ఆయన కొడుకును ఇంజనీరును చేశాయి. ఆయన వినికిడిని చాలావరకు హరించాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి సన్నని ధ్వనులు అందవు.

కొడుకును ఆయన ఏనాడూ షెడ్డు లోపలికి రానివ్వలేదు. సెలవుల్లో క్యారేజీ పట్టుకొని వచ్చినా గడప దగ్గరే నిలబెట్టి, "ఈ మసి నాతోనే పోవాలి, నీకంటకూడదు" అని వెనక్కి పంపేవాడు. తండ్రి కోరుకున్నట్లే కొడుకు చేతులకు మసి అంటలేదు. దానితోపాటు తండ్రి నేర్చిన విద్యా అంటలేదు. ఈ లెక్కలో లాభమెంత, నష్టమెంత అన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అమెరికా వచ్చిన వృద్ధులకు పగటిపూట గడవడం ఎంత కష్టమో తెలియనిది కాదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనుమరాలు బడికి వెళ్ళిపోతే ఆయన కిటికీ దగ్గర కూర్చొని వీధిలో పోయే కార్లను లెక్కపెట్టేవాడు. ఒక శనివారం ఉదయం మనుమరాలే, "తాతయ్యా, నాన్న కారులో దెయ్యం ఉంది, చూస్తావా?" అని అడిగింది. ఆయన చెప్పులు వేసుకొని బయలుదేరాడు.

ఆయన కారెక్కే ముందు డిక్కీ తెరవమన్నాడు. ఆ కారులో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. అదనపు చక్రమూ, జాకీ కూడా అక్కడే. బ్యాటరీ పట్టీని లాగి చూశాడు. గట్టిగానే ఉంది. జాకీ మాత్రం తన స్థానంలో కొద్దిగా కదిలింది. జాకీనీ చక్రాన్నీ తీసి కింద పెట్టించాడు. ఇది చూడడానికి అల్పమైన పనే. అయినా డిక్కీ ఖాళీ చేయకుండా వెనుక చప్పుడును వెతకడం, బియ్యంలో రాళ్ళు ఏరకుండా పన్ను నొప్పికి మందు వేసుకోవడం వంటిది.

తరువాత ఆయన కారెక్కి కూర్చొని, అరచేతిని సీటు వెనుక రేకుకు ఆనించి ఉంచాడు. చెవి చేయలేని పనిని ఆయన చేతికి అప్పగించాడు. కొడుకు వీధులన్నీ తిప్పాడు. చప్పుడు వినిపించినప్పుడల్లా తండ్రి వైపు చూశాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంటికి తిరిగివచ్చాక ఆయన అన్నాడు:

"ఒరేయ్ అబ్బాయ్, బడి ముందు మెరక దాటాం గదా. రెండు చక్రాలూ ఒక్కసారే ఎక్కి, ఒక్కసారే దిగినయ్. అప్పుడు కిక్కురుమనలేదు. ఒక్క చక్రం గుంటలో పడితేనే తంతాంది. కింద ఈ చక్రానికీ ఆ చక్రానికీ కలిపే కడ్డీ ఏదన్నా ఉందా?"

కొడుకు నివ్వెరపోయాడు. ఉన్నది. దాని బొమ్మను అతడు వందలసార్లు తెరమీద చూశాడు. మియాటాలో ఒక్కొక్క చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటిగా రెండు ఉక్కు చేతులు పట్టుకొని ఉంటాయి. అందువల్ల ప్రతి చక్రమూ తన మానాన తాను పైకీ కిందికీ కదలగలదు. ఆ స్వేచ్ఛ మితిమీరితే మలుపులో కారు ఒక పక్కకు ఒరుగుతుంది. అలా ఒరగకుండా ఎడమ కుడి చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు కడ్డీని అమర్చి, దాని రెండు కొసలను చిన్న లింకులతో చక్రాల చేతులకు కలుపుతారు. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ కడ్డీ తన పట్టులో తాను ఊరకే తిరుగుతుంది. దానికి శ్రమ లేదు. ఒక చక్రం మాత్రమే లేచినా, పడినా కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలికంతా లింకుల మీద పడుతుంది. లింకు కీలు అరిగి వదులైతే సరిగ్గా ఆ క్షణంలోనే టక్కుమంటుంది. షాక్ అబ్జార్బరు పాడైతే రెండు సందర్భాల్లోనూ తేడా తెలియాలి. ఇంత చిన్న తర్కం మరమ్మతు శాలలో ఎవరికీ తట్టలేదు. ఇంజనీరుకూ తట్టలేదు.

అనుమానం వేరు, రుజువు వేరు. మధ్యాహ్నం కారును గ్యారేజీలో వాలుదిమ్మల మీదికి వెనక్కి ఎక్కించారు. జాకీతో ఎత్తితే చక్రాలు గాలిలో వేలాడతాయి. కీళ్ళన్నీ ఒక పక్కకు లాగబడి, వదులు ఉన్నా బయటపడకపోవచ్చు. దిమ్మల మీద కారు తన బరువును తన చక్రాల మీదనే మోస్తుంది. ముందు చక్రాలకు అడ్డంగా చెక్కదిమ్మలు పెట్టారు. తండ్రి కింద పడుకొని ఒక లింకును పిడికిట్లో పట్టుకున్నాడు. మనుమరాలు కారు వెనుక మూలను నొక్కి వదిలి ఊపింది. ఎడమ లింకులో ఏమీ లేదు. కుడి లింకు దగ్గర ఆయన, "ఇటు రా" అని కొడుకును కిందికి పిలిచి, అతని చేతిని అక్కడ పెట్టాడు. మనుమరాలు మళ్ళీ ఊపింది. వేళ్ళ కింద కీలు చిన్నగా తట్టింది. ఇంతకాలం కారంతా మోగించిన చప్పుడు అంత కొద్దిపాటి తట్టు! అదీగాక, చప్పుడు ఎడమ వెనుక నుంచి వస్తున్నదని కొడుకు అంతవరకు ప్రమాణం చేసేవాడు.

కొత్త లింకుల జత ఖరీదు షాక్ అబ్జార్బర్లకు పెట్టినదానిలో పదవ వంతు కూడా లేదు. అయితే పాతవాటిని విప్పడం వారం రోజుల పనైంది. మంచు కరగడానికి ఆ ప్రాంతపు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు బోల్టులను తినివేసి, నట్టును బోల్టుతో ఏకం చేస్తుంది. పానా వేసి బలవంతం చేస్తే నట్టు తిరగదు, బోల్టు తెగుతుంది. తండ్రి తన అలవాటు ప్రకారం, "గ్యాసు మంట చూపించు, కాలితే వదుల్తాది" అన్నాడు. కొడుకు మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాడు.

"వద్దు నాన్నా. దీని పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంది."

తండ్రి ఒక్క క్షణం ఆ వైపు చూసి, "అయితే నూనె పోసి నిద్రపోనీ" అన్నాడు. తుప్పు వదిలించే నూనెను మూడు రాత్రులు పట్టించి, తీగల బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, నట్టును కొద్దిగా విప్పి, మళ్ళీ కొద్దిగా బిగించి, ముందుకూ వెనుకకూ ఆడిస్తూ నాలుగవనాడు బయటికి తీశారు. ఈ పనికోసం కారును జాకీతో ఎత్తి, ఉక్కు స్టాండ్ల మీద నిలిపారు. కేవలం జాకీని నమ్ముకొని కారు కిందికి దూరడం ప్రాణాంతకం. ఇందులో మరొక సూక్ష్మముంది. చాలా కార్లలో మాదిరిగానే మియాటాలోను చేతిబ్రేకు వెనుక చక్రాలకే పడుతుంది. ఆ చక్రాలు గాలిలోకి లేచిన తరువాత చేతిబ్రేకు వేసి ఉన్నా కారును ఆపేది ఏదీ లేదు. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టకపోతే అది స్టాండ్ల మీద నుంచి జారిపోగలదు.

కొత్త లింకులతో కారు రోడ్డెక్కింది. గుంటలో పడింది, టక్కుమనలేదు. తండ్రి అరచేతికి ఏమీ తగలలేదు. ఆయన తృప్తిగా తల ఊపాడు. కాని కొడుకు ముఖం వికసించలేదు. పెద్ద చప్పుడు పోయేసరికి దాని చాటున దాగిన మరొకటి బయటపడింది. కారు నెమ్మదిగా వాకిలి దిగేటప్పుడు పాత తలుపు బందులాగా సన్నగా కిర్రుమంటున్నది. తండ్రికి అది వినిపించలేదు. అరచేతికీ అందలేదు. వినిపించలేదని చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డట్టు కనిపించింది. మనుమరాలు ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి ఆ కిర్రును అనుకరించి చూపింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"మొన్న కొత్త షాకబ్జర్లు బిగించినప్పుడు బండి నేలమీదుందా, గాల్లో ఉందా?"

"గాల్లోనే నాన్నా. లిఫ్టు మీద ఎత్తి బిగించారు."

"చక్రాలు కిందికి వేలాడతా ఉన్నయ్యా?"

"అవును."

ఆయన నవ్వాడు. షాక్ అబ్జార్బరు అడుగు కొసన ఒక రబ్బరు బుష్ ఉంటుంది. దాని నడుమ ఉక్కు గొట్టం. ఆ గొట్టం గుండా బోల్టు సాగుతుంది. రబ్బరు గొట్టానికి అతుక్కొని ఉంటుంది కనుక అది జారదు, మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, ఆ వేలాడే స్థితే రబ్బరుకు సహజ స్థితి అయిపోతుంది. కారు నేలకు దిగి చక్రం పైకి లేవగానే రబ్బరు మెలిపడుతుంది. నిలబడి ఉన్నంతసేపూ మెలిపడే ఉంటుంది. కొంతకాలం కిర్రుమని, తరువాత చిరుగుతుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఒకే ఒక వాక్యంగా ఉంది. ఇంజనీరు ఆ వాక్యాన్ని తరువాత వెతికి చదివాడు. తండ్రికి అది కమాను కట్టలు నేర్పిన పాఠం. కమాను కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులను ఆయన లారీ చక్రాలు నేలకు ఆనేవరకు వేళ్ళతోనే తిప్పి వదిలేసేవాడు. బరువు పడిన తరువాతే పూర్తి బిగింపు. నాలుగు రోజులు తిరిగి వచ్చాక ఇంకొకసారి చూసి పంపేవాడు.

ఆదివారం కారును మళ్ళీ దిమ్మల మీదికి ఎక్కించారు. రెండు వైపులా షాక్ అబ్జార్బర్ల అడుగు బోల్టులను వదులు చేశారు. కుడిపక్క బోల్టు వదులైనప్పుడు రబ్బరు తన మెలికను విప్పుకొంటూ కొద్దిగా కదలడం కంటికే కనిపించింది. మనుమరాలు కారును నాలుగుసార్లు ఊపి, స్థిరపడనిచ్చింది. అప్పుడు తండ్రి కొడుకు చేతికి పానా ఇచ్చాడు. కొడుకు దానిని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. ఆయన రెండు బోల్టులనూ చేతి అంచనాతో బిగించాడు. ఆ తరువాత కొడుకు మాన్యువల్‌లోని అంకెకు టార్కు రెంచీని సరిచేసి పరీక్షించాడు. ఎడమపక్క బోల్టు దగ్గర రెంచీ కదలకుండానే టిక్కుమంది. కుడిపక్కది పావు చుట్టు తిరిగాక టిక్కుమంది.

"వయసు" అన్నాడు తండ్రి.

కారు కింద నుంచి బయటికి వచ్చేసరికి కొడుకు చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో తుప్పు, గ్రీజు పేరుకుపోయాయి. తండ్రి ఆ చేతుల వంక చూశాడు. ఏమీ అనకుండా సబ్బుబిళ్ళ అందించాడు.

సాయంకాలం పైకప్పు మడిచి ముగ్గురిలో ఇద్దరే వెళ్ళగలిగారు. ఆ కారులో మూడో సీటు లేదు. మనుమరాలు తాతకు చోటిచ్చింది. వాకిలి దిగినప్పుడు కిర్రుమనలేదని కొడుకు చెప్పాడు. తండ్రి ఆ మాట విని, అరచేతిని సీటు వెనుక రేకుకు ఆనించి, వీధి చివరి పెద్ద గుంట దగ్గరికి పోనిమ్మన్నాడు. కొడుకు కుడి చక్రాన్ని అందులో దింపి ఎక్కించాడు. "మళ్ళీ" అన్నాడు తండ్రి. కారును తిప్పి మళ్ళీ దింపాడు. మూడవసారి కూడా దింపించిన తరువాత ఆయన చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకాస్త దూరం పోనీరా" అన్నాడు.